టైటిల్ ఇన్సూరెన్స్ తీసుకోవాలా, దండగా? వచ్చే శుక్రవారం క్లోజింగ్

ఫ్రిస్కో_కొత్తిల్లు:
అందరికీ నమస్తే. టెక్సాస్ ఫ్రిస్కోలో బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటున్నాం, శుక్రవారం సంతకాలు. కాగితాల్లో టైటిల్ ఇన్సూరెన్స్ (ఇంటి హక్కులో పాత లోపం బయటపడితే ఆదుకునే బీమా) అని రెండున్నాయి, అప్పిచ్చేవాళ్ళని కాపాడే లెండర్ పాలసీ ఒకటి, మనల్ని కాపాడే ఓనర్ పాలసీ ఒకటి. లెండర్‌ది తప్పదంట, ఓనర్‌ది మన ఇష్టమంట, కానీ అదే రెండు వేల డాలర్లు దాటింది. ఇప్పటిదాకా ఎవరూ ఉండని ఇంటికి టైటిల్ గొడవేముంటుంది? తీసుకోవాలా వద్దా చెప్పండి.

బాలు_టాంపా:
తీసేసుకో బ్రో. రెండు వేలకి చూసుకుంటే రేపు ఇబ్బంది.

అయోవా_సుబ్బు:
దండగ అంటాను నేను. అమెరికాలో టైటిల్ ఇన్సూరెన్స్ అమ్మడం నిషేధించిన రాష్ట్రం మా అయోవా, 1947 నుంచి ఇక్కడ అమ్మకూడదు. మరి ఇక్కడ ఇళ్ళు అమ్ముడుపోవట్లేదా? లాయర్ ఆ స్థలం పాత దస్తావేజులన్నీ చదివి ఒపీనియన్ రాస్తాడు, 1985లో పెట్టిన ప్రభుత్వ సంస్థ దానికి గ్యారంటీ ఇస్తుంది, ఖర్చు మీ టెక్సాస్‌తో పోలిస్తే చాలా తక్కువ. మిగతా చోట్ల కంపెనీలు వంద డాలర్ల ప్రీమియం తీసుకుంటే క్లెయిములకి పోయేది ఐదు డాలర్ల చుట్టూనే, సింహభాగం ఏజెంట్ కమిషన్. కారు ఇన్సూరెన్స్ వాడు ఇలా చేస్తే ఊరుకుంటామా? పైగా టెక్సాస్‌లో రేటు ప్రభుత్వమే ఫిక్స్ చేస్తుంది, పది చోట్ల తిరిగినా ఒకటే ధర.

శేషు_బోస్టన్:
సుబ్బు గారు ప్రతి థ్రెడ్‌లోనూ ఈ ఐదు డాలర్ల లెక్క తెస్తారు. క్లెయిములు తక్కువ ఎందుకంటే ముందే వెతికి లోపాలు సరిచేస్తారు కాబట్టి, ఆ పనికే డబ్బులు.
మా మసాచుసెట్స్‌లో ఏమైందో తెలుసుకోండి. 2011 జనవరిలో, వాయిదాలు కట్టని ఇంటిని బ్యాంకు వేలం వేసిన (ఫోర్‌క్లోజర్) ఇబానెజ్ కేసులో ఇక్కడి సుప్రీం జ్యుడీషియల్ కోర్టు ఏం చెప్పిందంటే, వేలం నాటికి తాకట్టు తన పేరున ఉన్నట్టు బ్యాంకు చూపించలేకపోయింది, కాబట్టి వేలం చెల్లదు అంది. అదే ఏడాది అక్టోబర్‌లో బెవిలాక్వా కేసు. హేవర్‌హిల్‌లో అలాంటి వేలం ఆస్తిని బ్యాంకు దగ్గర డబ్బులు పోసి కొన్న మనిషికి అసలు హక్కే రాలేదని చెప్పేసింది. పాలసీ లేకపోతే అలాంటివాడి గతేంటి?

అయోవా_సుబ్బు:
ఆ పిల్లాడు కొంటున్నది కొత్త ఇల్లండీ, ఫోర్‌క్లోజర్ ఇల్లు కాదు. మీరు ఎక్కడో జరిగింది తెచ్చి ఇక్కడ భయపెడుతున్నారు.

శేషు_బోస్టన్:
కొత్త ఇల్లైనా భూమి పాతదేగా! పొలంగా ఉన్నప్పటి వాటాదార్లు, డబ్బులందని కాంట్రాక్టర్ వేసిన లీను (బాకీ కింద ఆస్తి మీద పెట్టే హక్కు), బిల్డర్ తెచ్చిన అప్పు, ఇవన్నీ ఎక్కడికి పోతాయి?

నాని_హ్యూస్టన్:
ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. టెక్సాస్‌లో రెండు పాలసీలూ కలిపి తీసుకుంటే లెండర్‌ది 100 డాలర్లే. ఓనర్ పాలసీ వద్దంటే అప్పుడు లెండర్ పాలసీకే ఫుల్ రేటు పడుద్ది. అంటే మిగిలేది చాలా తక్కువ తమ్ముడూ. ఇంకోటి, ఫెడరల్ చట్టాల కిందకొచ్చే హోమ్ లోన్ ఉన్నప్పుడు ఫలానా టైటిల్ కంపెనీలోనే కొనమని అమ్మేవాడు బలవంతం చెయ్యకూడదు, రెస్పా చట్టం అది.

అయోవా_సుబ్బు:
అలా రేట్లు కట్టడమే దోపిడీ అంటున్నాను కదా! ఇప్పటికైనా అర్థమైందా?

పద్మ_అట్లాంటా:
ఎప్పుడూ రాయను, ఇవాళ రాస్తున్నా. శేషు గారు "కొన్నవాడి గతేంటి" అన్నారు. వేలంలో ఇల్లు పోయినవాళ్ళ గతేంటి అని ఇంతసేపట్లో ఒక్కరూ అనలేదు. 2010లో మా ఇల్లు అలా పోయింది.

శేషు_బోస్టన్:
మేడం, మీ బాధ అర్థమైంది. కానీ ఒక్కటి చెప్పండి, వాయిదాలు కట్టారా లేదా?

బాలు_టాంపా:
అన్నా అలా అడక్కండి.

శేషు_బోస్టన్:
ఎందుకడక్కూడదు? వేలం కాగితాల మీద బ్యాంకు తరఫున సంతకాలు ఎవరు పెట్టారు, ఏ తారీఖు వేశారు అని లాయర్లు కోర్టుల్లో సాగదీశారు గానీ అప్పు తీసుకున్నది నిజం, కట్టనిదీ నిజం. కాగితాల తప్పుకి కట్టనివాడికి ఇల్లు వదిలేస్తే, నెల నెలా కడుతున్న మనమేమవ్వాలి?

పద్మ_అట్లాంటా:
కట్టలేదు. దాచుకునేదేం లేదు. 2009లో మా ఆయన కాంట్రాక్ట్ పోయింది, నేను అప్పుడు డిపెండెంట్ వీసా మీద ఉన్నా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఇంకా ఒక్క వాయిదా కూడా తప్పకముందే వాయిదా తగ్గించమని ఫోన్ చేశాం, బాకీ పడ్డవాళ్ళ అప్లికేషనే చూస్తామన్నారు. సరే అని ఆపితే కాగితాలు ఫ్యాక్స్ చెయ్యమన్నారు, చేశాం, రాలేదన్నారు, మళ్ళీ చేశాం, ఇలా నాలుగుసార్లు. "మీ అప్లికేషన్ పరిశీలనలో ఉంది" అన్న ఉత్తరం వచ్చిన వారానికే వేలం నోటీసు. జార్జియాలో జడ్జి ఎదటికి వెళ్ళే పనే లేదు, నెలలో మొదటి మంగళవారం కౌంటీ కోర్టు మెట్ల దగ్గర పాడేస్తారు. మా ఆయన వెళ్ళి నిలబడ్డాడు. ఒకతను కట్టలో కాగితాలు తీసి ఇంటి తర్వాత ఇల్లు చదువుకుంటూ పోయాడంట, మాది చదవడానికి రెండు నిమిషాలు పట్టలేదంట.
తర్వాత కౌంటీ ఆఫీసుకెళ్ళి మా తాకట్టు చేతులు మారిన కాగితం కాపీ తెచ్చుకున్నా. అదే వీధిలో ఇంకో తెలుగువాళ్ళదీ పోయింది, వాళ్ళ కాగితం కూడా తెచ్చి వంటింటి బల్ల మీద పక్కపక్కన పెట్టా. రెండిట్లో ఒకే ఆవిడ పేరు. మా దాంట్లో ఒక బ్యాంకుకి వైస్ ప్రెసిడెంట్, వాళ్ళ దాంట్లో ఇంకో బ్యాంకుకి వైస్ ప్రెసిడెంట్. సంతకాల్లో ఒక్క అక్షరం కలవలేదు.
అప్పు నిజమే శేషు గారూ. ఎవరికి బాకీనో చెప్పే కాగితం కూడా నిజమై ఉండాలి కదా? నా పేస్లిప్పులో ఒక పేజీ తగ్గితే అప్లికేషన్ కొట్టేశారు, వాళ్ళ కాగితం మొత్తం అబద్ధమైతే చెల్లిందా?
ఇలాంటి తప్పుడు వేలాల మీద ఐదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 2012లో 2,500 కోట్ల డాలర్లకి రాజీ చేసుకున్నాయి చూడండి, అందులోంచి 2013లో మాకు చెక్కు వచ్చింది. 1,480 డాలర్లు. ఇంటికి!

నాని_హ్యూస్టన్:
పద్మక్కా, ఇప్పుడది మారింది. పూర్తి అప్లికేషన్ టైముకి పెడితే, అది తేల్చకుండా వేలం వెయ్యకూడదని 2014 నుంచి ఫెడరల్ రూల్.

పద్మ_అట్లాంటా:
తెలుసు నానీ. మాకు నాలుగేళ్ళు ఆలస్యమైంది.

అయోవా_సుబ్బు:
నేనింతసేపూ రేటు రేటు అని కొట్టుకున్నా, అసలు సంగతి ఇదమ్మా. వేలం కాగితాల మీద చదవకుండానే పెట్టిన సంతకాల గోల బయటపడగానే, 2010 అక్టోబర్‌లో ఓల్డ్ రిపబ్లిక్ లాంటి పెద్ద టైటిల్ కంపెనీ, జీమాక్ అనే లెండర్ ఫోర్‌క్లోజ్ చేసిన ఇళ్ళకి పాలసీలు ఆపింది. అంటే కాగితం బాలేదని వాళ్ళకి తెలుస్తుంది. కానీ వాళ్ళు కాపాడేది కొన్నవాడినీ అప్పిచ్చినవాడినే. రికార్డు ఎవరు సరిచేస్తారు?

శేషు_బోస్టన్:
నేనూ చెప్పాలి. 2012లో వుస్టర్ దగ్గర నేను కొన్నది ఫోర్‌క్లోజర్ ఇల్లే. 2016లో అమ్మబోతే కొనేవాళ్ళ లాయర్ హక్కు చేతులు మారిన వరసలో మధ్యలో ఒక కాగితం లేదని ఆపేశాడు. పద్నాలుగు నెలలు ఇల్లు అమ్ముకోలేక, రెండిళ్ళ వాయిదాలు కట్టాను. పాలసీ ఉండబట్టి లాయర్ ఖర్చంతా కంపెనీ పెట్టుకుంది, పాత ఓనర్‌ని వెతికి పట్టుకుని హక్కు వదులుకున్నట్టు సంతకం పెట్టించింది. అందుకే పాలసీ మీద ఒక్క మాటంటే నాకు కోపం వస్తుంది.

పద్మ_అట్లాంటా:
ఆ సంతకానికి ఆయనకి ఎంతిచ్చారు?

శేషు_బోస్టన్:
నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఫ్రిస్కో_కొత్తిల్లు:
అన్నలూ అక్కా, మొత్తం చదివాను. పాలసీ తీసుకుంటున్నా. టైటిల్ కమిట్‌మెంట్ (పాలసీకి ముందు టైటిల్ కంపెనీ ఇచ్చే కాగితం) ఇప్పుడే తెరిచా, ముందు తేలాల్సినవి రాసే షెడ్యూల్ సి లో బిల్డర్ కన్‌స్ట్రక్షన్ లోన్ రిలీజ్ (తాకట్టు వదిలినట్టు కాగితం) కావాలని రాసుంది. దీనికేం చెయ్యాలి?

పద్మ_అట్లాంటా:
ఆ రిలీజ్ ఎవరు ఇస్తున్నారు, ఎప్పుడు రికార్డ్ చేస్తారు అని సంతకాలకి ముందే ఈమెయిల్‌లో అడుగు బాబూ, నోటి మాట తీసుకోకు. నెల తర్వాత కౌంటీ రికార్డుల్లో నువ్వే వెతికి, అది ఎక్కిందో లేదో చూసి కాపీ తీసి పెట్టుకో. కింద సంతకం ఎవరిదో కూడా చదువు.