ఈ వారం సమస్య: శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

కందగడ్డ (నిర్వహణ):
అందరికీ నమస్కారం. మూడు వారాలుగా కనిపించడం లేదేమని అడిగారు. అమ్మాయి వాళ్ల దగ్గరికి ఫ్లోరిడా వెళ్లాను. మనవడు పట్టుబట్టి ఓర్లాండోలో డిస్నీ వాళ్ల పార్కు ఎప్‌కాట్‌కి లాక్కెళ్లాడు. అక్కడ ఏటా ఫుడ్ అండ్ వైన్ ఫెస్టివల్ అని ఒక తిండి పండుగ చేస్తారు, 1996లో మొదలైంది. సరస్సు చుట్టూ మెక్సికో నుంచి కెనడా దాకా పదకొండు దేశాల మండపాలు, వాటి మధ్య చిన్న చిన్న దుకాణాలు. చేతికి పాస్‌పోర్టు అని ఓ పుస్తకం ఇస్తారు. ఏ దుకాణంలో ఏం దొరుకుతుందో అందులో ఉంటుంది. కొన్ని వంటకాల పక్కన పచ్చటి ఆకు బొమ్మ ఉంది. ఆకు ఉందంటే మాంసమే కాదు, పాలు, గుడ్డు, తేనె కూడా లేవని లెక్క. 2019 నుంచి ఈ గుర్తు పెడుతున్నారు.

మనవడు కాగితపు దొన్నెలో మూడు ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పైన కరకరలాడే తొడుగు. ఫోర్కుతో విడదీస్తే లోపల తెల్లగా, పీచు పీచుగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగి కోడి తిన్నవాణ్ని కాను కనక పోలిందో లేదో నాకు తెలియదు. పక్కనే మా అల్లుడున్నాడు. ఆదివారం నాటుకోడి లేనిదే ముద్ద దిగని మనిషి. ఒక ముక్క నోట్లో వేసుకుని, "మామయ్యగారూ, మీరు ఇవాళ కోడి తిన్నట్టే" అన్నాడు. గుండె గుభేలుమంది. పుస్తకం తీసి ఆకు బొమ్మ మళ్లీ చూసుకున్నాను. ఉంది. సోయాతో చేసినవేనట. మిగిలిన రెండు ముక్కలూ నేనే తినేశాను. సమస్య అక్కడే, గట్టు మీది బెంచీ మీద పుట్టింది:

శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

కందం నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి. శాకా, హారితి, నెఁగోడి, సంబర, పడుచున్: గణాలు గగ, భ, జ, భ, స. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, శా–సం. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, 'క', దాని ముందు దీర్ఘం ఉండాలి. కొత్తవాళ్లు ఈ ఒక్క మాట మరిచిపోకండి.

నల్లేరు:
మాస్టారూ, ముందు నేనే చెయ్యి పెడతాను.

ఆకు గుఱుతుఁ జూపింపఁగ
సోకుగఁ గోడివలె సోయ సొంపుగ వండన్
మూకలు వెఱఁగందఁగ నా
శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

గురువింద:
గణాలు సరిపోయాయమ్మా. మూడో పాదం చివర 'నా' అని ఆగి 'శాకాహారి' దగ్గర అందుకోవడం చదవడానికి బాగుంది. కానీ రెండో పాదంలో సోకు, సొంపు రెండూ ఎందుకు? రెండూ ఒకటే. యతి కోసం సొంపు వచ్చింది, సోకు ప్రాస కోసం వచ్చింది, సోయా మధ్యలో నలిగిపోయింది. 'సోకుగఁ గోడివలె సోయ చూపులఁ దోఁపన్' అనండి. సో–చూ యతి చెల్లుతుంది, సకార చకారాలు మిత్రాలే. అప్పుడు సోయా కంటికి కోడిలా కనబడిందన్న అర్థం కూడా పడుతుంది. సమస్యకు ముడి విప్పేది ఆ ఒక్క ముక్కే గదా.

నల్లేరు:
సవరించేశాను గురువుగారూ. కానీ 'మూకలు' మాత్రం మార్చను. అంతమంది జనాన్ని చూస్తే ఆ మాటే వస్తుంది.

పిడుగు:
నేను టాంపాలో చదువుకుంటున్నాను. పద్యం రాయడం ఇదే మొదటిసారి, తిట్టకండి.

వీకెండున నోర్లాండో
రాకకు టికెటు కొని చూడ రంజిలె మదిలో
రెక్కలు లేనిది గద యని
శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

గురువింద:
తమ్ముడూ, తిట్టే పనేముంది! 'వీకెండు' ప్రాసకు భలే కుదిరింది. అన్యదేశ్యమైతే ఏం, మన నోట రోజూ నలుగుతున్నదే. మూడో పాదంలోనే జారావు. రెక్కలు అన్నప్పుడు ప్రాసాక్షరం 'క్క', ద్విత్వం. మిగతా మూడు పాదాల్లో ఒంటి 'క'. రెండూ కలవవు. గణం సరిపోయింది కనక నీ చెవికి తెలిసి ఉండదు, నాలుగు పాదాలూ గట్టిగా చదివి చూడు, అక్కడ కాలు మడతపడుతుంది. రెక్కలు తీసి ఈకలు పెట్టు:

రాకకు టికెటు కొని చూడ రంజిలె మదిలో
నీకలు లేనిది గద యని

మదిలోన్ + ఈకలు, అందుకే నకారం.

పిడుగు:
'నీ కలలు' అని చదివి రెండు నిమిషాలు బుర్ర గోక్కున్నాను సార్. ఇప్పుడు అర్థమైంది. థాంక్స్.

ఆవకాయ:
ఛందస్సు కుదిరింది గానీ న్యాయం కుదరలేదు తమ్ముడూ. ఈకలు పీకాక ఏ కోడికి మాత్రం ఈకలుంటాయి? మా వీధి చివర చికెన్ షాపులో వేలాడేవన్నీ నీ లెక్కన శాకాహారమే.

కందగడ్డ:
హహ. అయినా ఆ అమాయకత్వమే పద్యానికి అందం. వాడికి లెక్కలో ఉన్నది ఒక్క ఈకలే. ఉండనీయండి.

అమలాపురం అక్క:
సోయా చుట్టూనే తిరుగుతున్నారేమిటండీ అందరూ? మా దగ్గర ఈ విద్య పాతదే. పెళ్లిభోజనంలో పనసపొట్టు కూర వడ్డిస్తే పట్నం నుంచి వచ్చిన వాళ్లు మాంసమేమోనని విస్తరి దూరం జరిపిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాం.

మా కోనసీమ పనసయె
నాకమె దిగి వచ్చినట్లు నాలుక నిలువన్
ఆకులలోఁ గాచె ననుచు
శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

నల్లేరు:
అక్కా! కోడి ఆకుల్లో కాయడం! ఈ ఊహకి వంద మార్కులు.

గురువింద:
ఊహ బాగుంది, ఒప్పుకుంటాను. నాకం వచ్చి నాలుక మీద నిలవడం కూడా బాగుంది, యతి వెతుక్కున్నట్టు లేదు. రెండు సంగతులు. ఒకటి, 'నిలువన్' తరవాత 'ఆకుల' అని అచ్చు వచ్చింది, సంధి చెయ్యలేదు, పద్యం సగంలో విరిగింది కదా అని కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు, నేను వదలను. రెండోది ఛందస్సు కాదు, తోట సంగతి. పనస ఆకుల్లో ఎక్కడ కాస్తుందమ్మా? మానుకు కదా కాసేది! మా పెరట్లో చెట్టుకైతే నేలకు జానెడు ఎత్తులో, మొదట్లోనే కాసేవి. పిల్లలం వాటి మీద కూర్చోబోయి ముళ్లు గుచ్చుకుని ఏడ్చేవాళ్లం.

అమలాపురం అక్క:
అయ్యయ్యో, కోనసీమదాన్ని అయ్యుండి ఇదెలా రాశాను! ప్రాస కనబడగానే చెట్టు కనబడలేదు. ఇలా చూడండి:

మా కోనసీమ పనసయె
నాకమె దిగి వచ్చినట్లు నాలుక నిలువన్
మ్రాకునకే కాచె ననుచు
శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

గురువింద:
ఇప్పుడు చెట్టూ నిలబడింది, సంధీ నిలబడింది. 'కే' లోని ఆ నొక్కు కూడా బాగుంది. ఇక ముట్టుకోకండి.

ఆవకాయ:
నేను మాంసాహారిని కనక నా దారి వేరు.

ఆకులు దుంపలు సోయా
నాకియుఁ జాలక పొరుగుకు నడకలు సాగన్
చీకటి పడు వేళ నొకఁ డ
శాకాహారి తినెఁ గోడి సంబరపడుచున్

ఒకఁడు + అశాకాహారి. మాస్టారి అల్లుడుగారి కథ ఇదే అయి ఉంటుందని నా అనుమానం. మామగారి ముందు ఆకు బొమ్మ ముక్కలు రుచి చూసి, చీకటి పడ్డాక పక్క మండపానికి జారుకుని ఉంటాడు.

కందగడ్డ:
అనుమానం దేనికి, జరిగిందే అది. మనవడు సాక్షి.

గురువింద:
పాత కాలం అవధానపు ఎత్తు ఇది. ముందు పాదం చివర ఒక్క అక్షరం తగిలించి అర్థం తలకిందులు చెయ్యడం. 'అశాకాహారి' నేనెక్కడా చదవలేదు, అయినా శాకాహారి కానివాడని నఞ్ సమాసం చెప్పుకోవచ్చు, తప్పు కాదు. 'నాకియుఁ జాలక' అనడంలో వెటకారం సరిగ్గా దిగింది.

తేటనీరు:
సోయా గానీ పనస గానీ లేకుండా నాదొకటి. ప్రశ్నలు మూడు పాదాల్లో, జవాబులు నాలుగో పాదంలో, వరసగా.

ఆకులె మేసెడి దెవ్వరు?
పాకము నిడ నేమి సేసె బాలుఁడు చెపుమా?
కేకల నిడు నేది? యెటుల?
శాకాహారి, తినెఁ, గోడి, సంబరపడుచున్

గురువింద:
క్రమాలంకారం. నాలుగు ప్రశ్నలకు నాలుగు జవాబులు, వరస తప్పలేదు. లెక్కకు పూర్తి మార్కులు. కానీ కోడి కూస్తుందండీ, కేకలెయ్యదు. కేకలు వేసేది మా ఇంటి పక్కాయన. ఇంకో మాట, ఏ సమస్యనైనా ఈ పద్ధతిలో కోసి అవతల పడెయ్యవచ్చు. మాస్టారు సరస్సు గట్టు నుంచి మోసుకొచ్చిన ఆ మూడు ముక్కలు మీ పద్యంలో ఎక్కడా లేవు.

తేటనీరు:
కూత వేస్తే ప్రాస పోతుంది గదా గురువుగారూ! రెండోదానికి మాత్రం జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను.

పిడుగు:
ఒక డౌటు. ఆ పండుగలో ఆకు గుర్తు ఉన్నవాటిలో పాలు కూడా ఉండవన్నారు. మరి మన శాకాహారి పెరుగన్నం తింటాడు కదా? వాళ్ల లెక్కన ఆయన శాకాహారి కాడా?

నల్లేరు:
మంచి డౌటే. మన దేశంలో పొట్లాల మీద చదరంలో పచ్చ చుక్క ఉంటే మాంసం, గుడ్డు లేవని అర్థం, పాలు, నెయ్యి, తేనె ఉండొచ్చు. పాలు కూడా లేనివాటికి ఇప్పుడు వేరే వీగన్ గుర్తు ఉంది, 2022లో దానికి నియమాలు వచ్చాయి. కాబట్టి ఎప్‌కాట్ ఆకు, మన చుక్క ఒకటి కావు. ఆకు ఉన్నదేదైనా మనవాడు తినొచ్చు, మనవాడు తినే ప్రతిదానికీ ఆకు పడదు. మా అత్తగారి సున్నుండకు అసలే పడదు, చేతికి నెయ్యి కారుతుంది.

ఆవకాయ:
ఇంకో సందేహం. ఈ ఉత్తుత్తి మాంసంలోంచి నెత్తురులాంటి ఎర్రటి రసం కారుతుందని విన్నాను. మాస్టారు అది చూసీ తిన్నారా?

నల్లేరు:
అది బర్గర్ సంగతి. సోయా మొక్క వేళ్ల బుడిపెల్లో లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్నే ఈస్టు చేత తయారు చేయించి కొన్ని కంపెనీల బర్గర్లలో కలుపుతారు, ఎరుపు, మాంసపు వాసన దానివల్లే. మాస్టారు తిన్నది లోపల తెల్లగా ఉందన్నారుగా. సోయా పిండిని వేడి మీద, ఒత్తిడితో మరలోంచి నెడితే ఆ పీచు వస్తుంది. మన మీల్ మేకర్ చేసేదీ దాదాపు అలాగే. చైనాలో బౌద్ధ మఠాల వంటవాళ్లు ఏ మరా లేకుండా గోధుమ జిగురుతో ఈ పని ఎప్పుడో చేశారు.

గురువింద:
అయితే మీల్ మేకర్ కూర తిన్న ప్రతి హాస్టల్ పిల్లవాడూ ఈ సమస్యను పూరించినట్టే!

కందగడ్డ:
చాలా సంతోషం. నా ఓటు అమలాపురం అక్కయ్యగారి సవరించిన పద్యానికి. కోడి మానుకు కాయడమన్నది నేను ఫ్లోరిడా దాకా వెళ్లి రెండు ముక్కలు తిన్నా నా బుర్రకు తట్టలేదు. రెండో స్థానం ఆవకాయ గారి 'నొకఁ డ'కు. మా అల్లుడికి చదివి వినిపించాను, ఫోన్‌లో అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. పిడుగూ, నువ్వు ప్రతివారం రాయాలి నాయనా.

పెరుగు గురించి అడిగావు గనక వచ్చే వారం సమస్య నీకోసమే. ఆటవెలది, రెండో పాదమో నాలుగో పాదమో మీ ఇష్టం. ఆదివారం రాత్రి దాకా గడువు:

పాలు లేని పెరుగు పాత్ర నిండె