పాత డబ్బా టీవీలోనే బొమ్మ బాగుండేదా? 43 అంగుళాల కొత్త టీవీ మీద మా ఇంట్లో పంచాయితీ

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. మొన్న దసరాకి 43 అంగుళాల 4కే టీవీ కొన్నాం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గుతుందని తెలిసి, ఆగి మరీ కొన్నాను. అంతకుముందు మా ఇంట్లో 21 అంగుళాల డబ్బా టీవీ ఉండేది. పందొమ్మిదేళ్లు పనిచేసింది. టీవీతో పాటే డీటీహెచ్ వాళ్లతో హెచ్‌డీ బాక్స్ కూడా పెట్టించాం.

నాన్నగారికి 72 ఏళ్లు. సాయంత్రం ఏడింటికి వార్తలు, తర్వాత రెండు సీరియళ్లు, ఆదివారం సినిమా. కొత్త టీవీ పెట్టిన మూడో రోజే అన్నారు: "ఇంత డబ్బు పోశావు గానీ, బొమ్మ మాత్రం పాత దాంట్లోనే బాగుండేదిరా." అలవాటు లేక అలా అంటున్నారనుకున్నాను. నిన్న పక్కన కూర్చుని చూశాక నాకూ అదే అనిపించింది. వార్తలు చదివే అమ్మాయి మొహం మైనం పూసినట్టు నున్నగా ఉంది. కింద స్క్రోలింగ్ కదులుతుంటే ఒత్తులన్నీ అలుక్కుపోతున్నాయి. "కృష్ణా" అన్న మాటలో ష కింద ణ ఒత్తు ఉందో లేదో తెలియడం లేదు. అదే మోడల్ షోరూంలో చూసినప్పుడు నెమలి ఈకలో పోగులు లెక్కపెట్టేలా ఉంది.

హెచ్‌డీ వల్ల మన ఇళ్లలో నిజంగా తేడా ఉంటుందా, లేక అది షోరూం వరకేనా? టీవీ వాపసు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజుల గడువుంది. టెన్షన్‌గా ఉంది, కాస్త చెప్పండి.

వరంగల్ వాసి:

మీ నాన్నగారు చెప్పిందే నిజం. వాపసు ఇచ్చేయండి, లేదంటే 32కి మార్చుకోండి. మాకూ ఇదే అనుభవం. మనం చూసే ఛానళ్లలో ఎక్కువ మామూలు ఎస్‌డీవే, అంటే హెచ్‌డీ కానివే. మా ప్యాకులో న్యూస్ ఛానళ్లన్నీ అవే. వాటిని పెద్ద తెర మీద వేస్తే చిన్న ఫొటోని ఫ్లెక్సీ కొట్టించినట్టే ఉంటుంది. డబ్బా టీవీలో ఆ సిగ్నల్‌కి తగ్గ తెర ఉండేది. పైగా ఆ గాజు గొట్టంలో బొమ్మ అంచులు మెత్తగా కలిసిపోయేవి, లోపాలు బయటపడేవి కావు. నలుపు కూడా నిజంగా నల్లగా ఉండేది. ఇప్పటి చవక ఎల్‌ఈడీల్లో రాత్రి సీన్ వస్తే తెరంతా బూడిద రంగు.

డాబామీద డిష్:

నేను డిష్‌లు బిగించే పనిలో ఉన్నాను, పన్నెండేళ్లయింది. వాపసు సంగతి తర్వాత, ముందు ఒకటి చెప్పండి. బాక్స్ నుంచి టీవీకి ఏ వైరు వెళ్తోంది? బల్లపరుపుగా వెడల్పు మూతి ఉన్న ఒక్క వైరా, లేక పసుపు, ఎరుపు, తెలుపు మూతులున్న మూడు వైర్లా?

కృష్ణాతీరం:

ఇప్పుడే టీవీ వెనక టార్చి వేసి చూశాను. మూడు రంగులవే. పాత టీవీకి ఉన్న వైర్లనే పీకి దీనికి పెట్టి వెళ్లాడు వచ్చిన అబ్బాయి. బొమ్మ వస్తోంది కదా అని మేమూ పట్టించుకోలేదు.

డాబామీద డిష్:

అనుకున్నాను. నేను వెళ్లే ఇళ్లలో ఇది ఎన్నిసార్లు చూశానో. బొమ్మంతా ఆ పసుపు వైరు ఒక్కదాంట్లోనే వస్తుంది. హెచ్‌డీని మోసే శక్తి దానికి లేదు. బాక్స్ హెచ్‌డీ అయినా, ఛానల్ హెచ్‌డీ అయినా, ఆ వైరులోకి వచ్చేసరికి మామూలు బొమ్మే. హెచ్‌డీఎంఐ వైరు కొనండి. మీకు కావాల్సిన ఒకటిన్నర మీటరు వైరుకి ఖరీదైనది అక్కర్లేదు, మామూలుది చాలు. మార్చాక బాక్స్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వీడియో అవుట్‌పుట్ 576 (మామూలు బొమ్మ) అని ఉంటే 1080ఐ (హెచ్‌డీ బొమ్మ) చేయండి. వైరు మార్చి ఇది మర్చిపోతే సగం పనే.

ఇంకోటి, మీ ప్యాకులో హెచ్‌డీ ఛానళ్లు ఉన్నాయా? బాక్స్ హెచ్‌డీ అయినంత మాత్రాన ఛానళ్లు హెచ్‌డీ అయిపోవు. వాటికి వేరే నంబరు, వేరే ధర.

లెక్కల మాస్టారు:

పైన వరంగల్ వాసి గారు చెప్పిన దాంట్లో సగం నూటికి నూరుపాళ్లు నిజం, సగం కాదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఓపికగా చదవండి.

కంటి డాక్టరు దగ్గర చివరి వరుస చదివి 6/6 అనిపించుకున్న మనిషి, పది అడుగుల దూరం నుంచి సుమారు 0.9 మిల్లీమీటరు ఎడంగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా పోల్చగలడు. అంతకంటే దగ్గరగా ఉంటే ఆ రెండూ కలిసి ఒకటిగా కనిపిస్తాయి. టీవీకీ ఇదే సూత్రం. తెర మీది చుక్క మన కంటికి విడిగా తెలియనంత చిన్నదైతే బొమ్మ నిండుగా ఉంటుంది. తెలిసేంత పెద్దదైతే మసకగా, గళ్లు గళ్లుగా ఉంటుంది.

మన ఎస్‌డీ బొమ్మ అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576 గీతలు. మొత్తం సుమారు 4.15 లక్షల చుక్కలు. పాత 21 అంగుళాల తెర వెడల్పు 42 సెంటీమీటర్ల చిల్లర. దాన్ని 720తో భాగిస్తే ఒక్కో చుక్క 0.6 మిల్లీమీటరు కూడా లేదు. ఆరున్నర, ఏడు అడుగుల అవతల కూర్చుంటే చుక్క కనపడదు. అందరం అంతకంటే దూరంలోనే మంచం వేసుకుని చూసేవాళ్లం. అందుకే ఆ బొమ్మ నిండుగా ఉండేది. మీ నాన్నగారిది జ్ఞాపకాల మోజు కాదు, కళ్లతో చూసిన నిజం.

ఇప్పుడు అదే 720 చుక్కలని 43 అంగుళాల తెర మీద పరవండి. వెడల్పు 95 సెంటీమీటర్లు. ఒక్కో చుక్క 1.3 మిల్లీమీటర్లు. అది కంటికి ఆనకుండా ఉండాలంటే దాదాపు 15 అడుగుల దూరం వెళ్లాలి. మన హాళ్లలో అంత దూరం ఎక్కడుంది?

ఇక్కడి వరకు వరంగల్ వాసి గారి మాటే. కానీ అదే తెర మీద హెచ్‌డీ ఛానల్ పెడితే అడ్డంగా 1920 చుక్కలు, మొత్తం 20.7 లక్షలు. చుక్క అర మిల్లీమీటరుకి దిగుతుంది. ఐదున్నర అడుగులు దాటి కూర్చుంటే చాలు. అంటే మన హాళ్లలో మనం కూర్చునే దూరానికి ఈ తెర సరిగ్గా సరిపోతుంది. దానికి పెట్టిన మేతే తప్పు.

4కే సంగతికొస్తే, 82.9 లక్షల చుక్కలు. 43 అంగుళాల్లో ఆ నిండుతనం అంతా కనపడాలంటే మూడడుగుల లోపు కూర్చోవాలి. తొమ్మిదడుగుల నుంచి చూసేవాళ్లకి చుక్కల లెక్కలో 4కేకీ ఫుల్ హెచ్‌డీకీ (పైన చెప్పిన 1920 చుక్కలదానికి) తేడా తెలియదు.

కౌంటర్ వెనకాల:

మాస్టారూ, చివరి మాట ఒప్పుకోలేను. నేను టీవీలు అమ్మే షాపులోనే పనిచేస్తాను. 43లో ఇప్పుడు ఫుల్ హెచ్‌డీ మోడళ్లు బాగా తగ్గిపోయాయి. మిగిలినవి ఎక్కువ చవక ప్యానెళ్లు. కాంట్రాస్టూ, రంగులూ బాగుండేవి 4కే సెట్లలోనే వస్తున్నాయి. కస్టమర్ చుక్కలు లెక్కపెట్టడానికి కొనడు, బొమ్మ బాగుందని కొంటాడు. పైగా ఇంట్లో 15 ఎంబీపీఎస్ నెట్ ఉంటే ఓటీటీలో 4కే సినిమాలు ఆడుకోవచ్చు. తెర దగ్గరికి వెళ్తే తేడా చూపిస్తాను, రండి.

లెక్కల మాస్టారు:

ప్యానెల్ బాగుంటే కొనమనే నేనూ అంటాను. 4కే అన్న అక్షరం చూసి మాత్రం కొనొద్దంటున్నాను. "తెర దగ్గరికి వెళ్తే" అన్నారు చూడండి, నేను చెప్పేదీ అదే. షాపులో రెండడుగుల దూరంలో నిలబడి చూసి, ఇంట్లో తొమ్మిదడుగుల దూరంలో కూర్చుంటాం.

రిమోట్‌రాణి:

చుక్కల దగ్గరే ఆగిపోకండి. కృష్ణాతీరం గారు రాసిన "మైనం పూసిన మొహం" నాకు బాగా తెలుసు. అది సిగ్నల్ ఒక్కటే కాదు. టీవీ అట్టపెట్టెలోంచి తీసేటప్పటికి చాలాసార్లు వివిడ్ మోడ్‌లో ఉంటుంది, నాయిస్ రిడక్షన్ (బొమ్మలో గరుకుని నునుపు చేసే సెట్టింగ్) ఆన్‌లో ఉంటుంది, షార్ప్‌నెస్ సగం పైనే ఉంటుంది. షోరూంలో అన్ని ట్యూబులైట్ల మధ్య పక్క టీవీ కంటే ఎక్కువ మెరవాలి కాబట్టి ఆ మోడ్. మన హాల్లో అది పనికిరాదు.

షార్ప్‌నెస్ అంటే స్పష్టత అనుకుని పెంచేస్తాం. ఒకసారి స్క్రోలింగ్ అక్షరాల దగ్గరికి వెళ్లి చూడండి, ప్రతి అక్షరం చుట్టూ సన్నటి తెల్లని అంచు కనిపిస్తుంది. ఆ అంచు సిగ్నల్లో లేదు, టీవీ గీసింది. మీ ఒత్తులని సగం మింగేది అదే. సున్నాకి దగ్గరగా తగ్గించండి. మొదటి పది నిమిషాలు మసకబారినట్టు అనిపిస్తుంది, తర్వాత కన్ను కుదురుకుంటుంది.

బొమ్మ బాగుందో లేదో చూడ్డానికి నెమలి ఈకలొద్దు. హెచ్‌డీ ఛానల్లో పెళ్లి సీను వచ్చేదాకా ఆగండి. పెళ్లికొడుకు తెల్ల పంచెలో మడతలు కనిపించాలి. తెల్లటి ముద్దలా ఉంటే కాంట్రాస్ట్ ఎక్కువైనట్టు. పెళ్లికూతురు జడలో పాయలు తెలియాలి. నల్లటి తాడులా ఉంటే బ్రైట్‌నెస్ మరీ తగ్గినట్టు. ఎర్ర పట్టుచీర కుచ్చెళ్లు విడివిడిగా తెలియాలి. వివిడ్‌లో ఆ ఎరుపు ఒకటే పూతగా పరుచుకుపోతుంది. ఆఖరికి మొహాలు. పసుపు రాసిన మొహం వేరు, మామూలు చామనఛాయ వేరు. రెండూ ఒకేలా నారింజ రంగులోకి తిరిగితే కలర్ తగ్గించండి. నేను సినిమా మోడ్, వార్మ్ (తెలుపు కాస్త పసుపు వైపు తిరిగే సెట్టింగ్) పెట్టుకుని చూస్తాను. సినిమా తీసినవాళ్లు అలాంటి తెర మీదే చూసుకుని రంగులు దిద్దుతారు.

కౌంటర్ వెనకాల:

అమ్మా, మీ సినిమా మోడ్ పెట్టి చూపిస్తే పది మందిలో తొమ్మిది మంది "పాత కాగితంలా పచ్చగా ఉంది, మార్చండి" అంటారు. చూసేవాళ్లకి నచ్చిందే మంచి బొమ్మ. ఎదుటి మనిషి కంటిని కాదనడానికి మనమెవరం?

రిమోట్‌రాణి:

కాదనడం లేదండి. వారం రోజులు ఉంచి చూడమంటున్నాను. ఘాటైన పచ్చడి నాలుగు రోజులు తిన్న నోటికి పప్పు చప్పగానే ఉంటుంది. అంతమాత్రాన పప్పులో ఉప్పు లేనట్టు కాదు కదా.

కంటి ఆసుపత్రి నర్సు:

ఇద్దరూ ఒక మాట మర్చిపోతున్నారు. చూసే మనిషికి 72 ఏళ్లు. శుక్లం ముదురుతున్న కంటికి రంగులు వెలిసినట్టు, కాస్త పచ్చగా కనిపిస్తాయి. అలాంటివాళ్లకి వార్మ్ మోడ్ ఇంకా పచ్చగా, చీకటిగా అనిపిస్తుంది. ఆపరేషన్ అయ్యాక మా దగ్గర ఎంతోమంది "గోడ ఇంత తెల్లగా ఉందా" అని ఆశ్చర్యపోతారు. నాన్నగారిని ఒకసారి కంటి పరీక్షకి తీసుకెళ్లండి. అప్పటిదాకా ఆయనకి నచ్చిన మోడ్ పెట్టండి. మీ కంటితో చూసి తీర్పు చెప్పొద్దు.

వరంగల్ వాసి:

లెక్క ఒప్పుకున్నాను మాస్టారూ. కానీ ఖర్చు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టీవీ, ఫోన్ కంపెనీల మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ) రూల్స్ ప్రకారం నెట్‌వర్క్ ఫీజు (ఛానళ్లని ఇంటికి చేర్చినందుకు కట్టేది) లెక్కలో ఒక హెచ్‌డీ ఛానల్ రెండు ఎస్‌డీ ఛానళ్ల కింద జమ అయ్యేది. ఛానల్ ధర అదనం. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలప్పుడు దూరదర్శన్ హెచ్‌డీ మొదలైంది. అప్పటి నుంచి ఇన్నేళ్లయినా మా ఇంట్లో న్యూస్‌కి ఎస్‌డీయే దిక్కు. టీవీ ఒకసారి కొంటాం, ప్యాకు ప్రతి నెలా కొనాలి. పింఛను మీద బతికే ఇంటికి అది చిన్న మాట కాదు. అందుకే 32 చాలంటున్నాను. ఎస్‌డీకీ ఓర్చుకుంటుంది, హెచ్‌డీకీ పనికొస్తుంది.

డాబామీద డిష్:

అన్నా, ప్యాకంతా హెచ్‌డీ చేయమని ఎవరన్నారు? పెద్దాయన రోజూ చూసే రెండు మూడు ఛానళ్లు విడిగా తీసుకుని, ఎవరూ చూడనివి తీసేయమనండి. చాలా ఇళ్లలో బిల్లు దాదాపు అంతే వస్తోంది. అసలు ఆ పని చేసేవాళ్లు తక్కువ, అంతే.

కృష్ణాతీరం:

ఆలస్యానికి క్షమించండి. నాలుగు రోజులుగా ఒక్కొక్కటే మార్చి చూశాను.

హెచ్‌డీఎంఐ వైరు తెచ్చాను. అవుట్‌పుట్ డిష్ గారు చెప్పినట్టే 576లో ఉంది, 1080ఐకి మార్చాను. ఎవరూ చూడని పదకొండు ఛానళ్లు తీసేసి మూడు హెచ్‌డీవి పెట్టించాను. షార్ప్‌నెస్ తగ్గించాను. ఆ రాత్రి సీరియల్ వచ్చింది. అమ్మ వంటింట్లోంచి వస్తూ గుమ్మం దగ్గరే ఆగి, "ఆ చీర గద్వాలు రా, అంచు చూడు" అంది. ఇన్నాళ్లూ ఆ సీరియల్లో చీర ఏదో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం నాన్నగారు మళ్లీ "మసకగానే ఉందిరా" అన్నారు. వెళ్లి చూస్తే నిజంగానే మసక. ఆయన వేళ్లు పాత నంబరే నొక్కుతున్నాయి, ఏళ్ల అలవాటు. ఎస్‌డీ ఛానలే వస్తోంది. కొత్త నంబర్లు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసి రిమోట్ వెనక అంటించాను. సాయంత్రం ఆయన రిమోట్ తిరగేసి, అద్దాలు పైకి జరుపుకుని, ఒక్కో అంకె నొక్కారు. సినిమాలో పెద్దాయన పంచె మడతలు కనిపించాయి రాణి గారూ. వార్మ్ మాత్రం ఆయనకి నచ్చలేదు, నార్మల్లో ఉంచాను. నర్సు గారు చెప్పినట్టు శనివారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం.

న్యూస్ ఛానల్ మాత్రం ఎస్‌డీలోనే ఉంది, వరంగల్ వాసి గారూ. అది పాత టీవీలోనే బాగుండేదన్న నాన్నగారి మాట మీద ఆయన ఇంకా నిలబడే ఉన్నారు, నేనూ ఒప్పుకుంటున్నాను. వాపసు గడువు నిన్నటితో అయిపోయింది. టీవీ ఉంచేశాం.

ఒక్క సాయం చేయండి. పాత సినిమాలు వచ్చినప్పుడు రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తున్నాయి. అమ్మ "తెర నిండా పెట్టు" అంటుంది, పెడితే మనుషులంతా లావుగా సాగిపోతున్నారు. నాన్నగారు పట్టీలే ఉంచమంటున్నారు. మీ ఇళ్లలో ఎలా పెడుతున్నారు?

రిమోట్‌రాణి:

నాన్నగారి మాటే వినండి. ఆ సినిమాలు అప్పటి టీవీ కొలతకి, అంటే నాలుగుకి మూడు వంతుగా ఎక్కించినవి. సాగదీస్తే సన్నటి హీరోయిన్ కూడా బొద్దుగా తయారవుతుంది, గుండ్రటి బొట్టు కోడిగుడ్డులా అవుతుంది. అమ్మగారికి ఆ బొట్టు చూపించండి.

వరంగల్ వాసి:

మా ఇంట్లో సాగదీసే చూస్తాం. పట్టీలుంటే మా అమ్మకి టీవీ పాడైనట్టు అనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మీ అమ్మగారి వైపే నేను.