ఇంట్లో స్టీరియో స్పీకర్ల నాదం పలచగా ఉంది: మొదట ఏది మార్చాలి?

ప్రశ్న: మంద్రశ్రుతి

నమస్కారం. సంగీతం వినడానికి మా ఇంట్లో కేటాయించుకున్న గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. నేలకు విట్రిఫైడ్ టైల్స్ వేశారు, ఒక గోడకు జారుడు అద్దాల కిటికీ ఉంది, సామాను చాలా తక్కువ. స్పీకర్లు 6.5 అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్నవి, 8 ఓములవి. వాటి సున్నితత్వం (ఒక వాటుకు మీటరు దూరంలో వినిపించే శబ్దం) 86 డెసిబెల్ అనీ, 45 హెర్ట్జ్ వరకు దిగుతాయనీ పెట్టె మీద రాసి ఉంది. ఆంప్లిఫయర్ 40 వాట్లది. స్పీకర్లను గోడకు దూరంగా ఉంచాలని ఎక్కడో చదివి, స్టాండ్ల మీద గోడ నుంచి రెండున్నర అడుగులు ముందుకు జరిపి, రెండింటి మధ్య ఆరడుగుల ఎడం ఉంచాను. కుర్చీ గది మధ్యలో, ఫ్యాన్ కింద ఉంటుంది.

నేను ఎక్కువగా కర్ణాటక సంగీత కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. మృదంగంలో కుడిచేతి దెబ్బలు ఒక్కొక్కటీ విడివిడిగా, స్పష్టంగా వినిపిస్తాయి కానీ తొప్పి (ఎడమచేతి వైపు) నాదం ఉందా లేదా అన్నట్లుంటుంది. గాయకుడు మంద్ర స్థాయికి దిగినప్పుడు గొంతు డొల్లగా వినిపిస్తుంది. విచిత్రమేమిటంటే, లేచి వెనక మూలనున్న గుమ్మం దగ్గర నిలబడితే అదే తొప్పి నిండుగా, గుమ్మని పలుకుతోంది. బాస్ (కింది స్వరాల) మీట ఎంత తిప్పినా కుర్చీలో పెద్ద మార్పు లేదు, పక్క గదిలో ఉన్నవారు మాత్రం మోత భరించలేకపోతున్నారు. దుకాణదారు 80 వాట్ల ఆంప్లిఫయర్ కొనమంటున్నారు, మిత్రుడొకరు సబ్ వూఫర్ (అట్టడుగు స్వరాల కోసం విడిగా ఉండే స్పీకర్ పెట్టె) పెట్టమంటున్నారు. ఏదైనా కొనే ముందు చేయదగినది ఉంటే చెప్పగలరు.

జవాబు: గోడవార

మంద్రశ్రుతి గారూ, గుమ్మం దగ్గర తొప్పి నిండుగా వినిపిస్తోందన్న ఒక్క మాటతో ఆంప్లిఫయర్, స్పీకర్లు రెండూ నిర్దోషులని తేలిపోయింది. ఆ నాదం స్పీకర్ నుంచి వెలువడుతోంది, మీ కుర్చీ దగ్గర మాత్రమే లేకుండా పోతోంది. కాబట్టి వెతకవలసింది గదిలో.

ఫ్యాన్ కింద కుర్చీ వేసుకున్నానని మీరు మామూలుగా రాశారు కానీ, అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం. మన ఇళ్లలో ఫ్యాన్ కొక్కెం శ్లాబుకు సరిగ్గా నడిమధ్యన వేస్తారు, ఉక్కపోత ఉన్న ఊళ్లలో కుర్చీ సహజంగా దాని కిందికే చేరుతుంది. శబ్దం మన వాతావరణంలో సెకనుకు సుమారు 348 మీటర్లు వెళుతుంది. మీ గది పొడవు 3.66 మీటర్లు కాబట్టి, అటూ ఇటూ గోడలకు తగిలి తిరిగివచ్చే తరంగం సుమారు 47 హెర్ట్జ్ దగ్గర నిలబడిపోతుంది. గంగాళంలో నీళ్లను ఊపినప్పుడు అంచుల దగ్గర లేచి పడుతూ, నడుమ మట్టం దాదాపు మారకుండా ఉంటుంది కదా, ఆ స్వరం ఒత్తిడి కూడా గోడల దగ్గర హెచ్చుగా, పొడవుకు మధ్యలో శూన్యంగా ఉంటుంది. మీరు కూర్చున్నది ఆ శూన్యంలో, నిలబడి విన్నది గోడలు కలిసే మూలలో. గోడ దగ్గర హెచ్చు, మధ్యలో తగ్గు అన్నది 47 దగ్గర ఠక్కున ఆగిపోదు, ఆ చుట్టుపక్కల స్వరాల మీద కూడా కొంత ప్రభావం చూపుతుంది.

గొంతు డొల్లగా ఉండడానికి కారణం వేరు. వూఫర్ ముఖం నుంచి స్పీకర్ల వెనక ఉన్న గోడకు రెండున్నర అడుగులు ఉంటే, స్పీకర్ వెనక్కి పంపిన శబ్దం గోడకు తగిలి తిరిగివచ్చేసరికి సుమారు 115 హెర్ట్జ్ దగ్గర నేరుగా వచ్చే శబ్దానికి ఎదురుపడి దాన్ని కోసేస్తుంది. మగ గొంతు కింది స్థాయిలో తిరిగేది ఆ ప్రాంతంలోనే. గోడకు దూరంగా పెట్టమన్న సలహా పెద్ద హాళ్లకు, మీటరున్నర దాటి జరపగలిగిన చోట్లకు సరిపోతుంది. 10, 12 అడుగుల గదిలో ఆ సలహా పాటిస్తే బాస్ మోత తగ్గడం నిజమే కానీ, దానితోపాటు నిండుదనమూ పోతుంది.

కాబట్టి పైసా ఖర్చు లేని పని ముందు చేయండి. కుర్చీని అడుగున్నర వెనక్కి, అంటే మీ వీపు వెనక ఉన్న గోడకు సుమారు నాలుగున్నర అడుగుల దూరానికి జరపండి. పూర్తిగా గోడకు ఆనిస్తే మళ్లీ మోత మొదలవుతుంది. వెడల్పులో మాత్రం మధ్యలోనే ఉండాలి, స్టీరియోకు అది తప్పదు. స్పీకర్లను వెనక్కి నెట్టి, పెట్టె వీపుకూ గోడకూ నడుమ జానెడు సందు వదలండి. ట్వీటర్లు (పై స్వరాలు పలికే చిన్న భాగాలు) కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇక 80 వాట్ల సంగతి. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెళ్లు మాత్రమే. అదీగాక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది కనుక, రద్దయిన స్వరం ఎంత బలమిచ్చినా రద్దవుతూనే ఉంటుంది. మీరు బాస్ మీట తిప్పినప్పుడు కుర్చీలో మార్పు లేక, పక్క గదిలో మాత్రం మోత పెరగడానికి కారణం ఇదే. 86 డెసిబెళ్ల స్పీకర్లతో ఆ గదిలో మామూలుగా వినడానికి ఒకటి రెండు వాట్లు సరిపోతాయి.

జవాబు: వీధరుగు

గోడవార గారు చెప్పినదానితో నాకు భేదం లేదు. అయితే కుర్చీ జరపడానికి ముందు తీగలు ఒకసారి చూడమంటాను. రెండు స్పీకర్లలో ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారైతే ఒక వూఫర్ ముందుకు వస్తున్నప్పుడు రెండోది వెనక్కి పోయి, కింది స్వరాలు గాలిలోనే చెల్లు అవుతాయి. అప్పుడు కూడా మీరు వర్ణించిన లక్షణాలే కనిపిస్తాయి. తీగను ఆంప్లిఫయర్ దగ్గర పూర్తిగా విప్పి, ఆ కొసలకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లును ఒక్క క్షణం తాకించండి. ధన ధ్రువం ఎరుపు తీగకు తగిలినప్పుడు రెండు వూఫర్లూ ముందుకే కదలాలి. విప్పడం ఇష్టం లేకపోతే 1950, 60 దశకాల సినిమా పాట ఒకటి పెట్టండి. అవి మోనో రికార్డింగులు కాబట్టి, తీగలు సరిగా ఉంటే గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక్క చోట నిలబడాలి. ఎటూ తేలక తల చుట్టూ తిరుగుతున్నట్లుంటే ధ్రువాలు మారాయన్నమాట. ఆ పాటలనుంచి లోతైన బాస్ మాత్రం ఆశించకండి, రికార్డులోనే లేనిదాన్ని ఏ స్పీకరూ పుట్టించలేదు.

టైల్స్, అద్దం, సిమెంటు గోడ ఉన్న గదిలో పై స్వరాలు ఎక్కడా ఇంకిపోకుండా తిరుగుతూనే ఉంటాయి. బాస్ సరిపడా ఉన్నా దాని పక్కన పై స్వరాలు మితిమీరితే చెవికి మొత్తం పలచగానే తోస్తుంది. గది మధ్యలో చప్పట్లు కొట్టి చూడండి, చప్పుడు వెనకే జిర్రుమని రేకుమోత లాంటి తోక వస్తే సందేహం అక్కర్లేదు. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరచండి. వరంగల్ జంపఖానాలు నూలువే, దళసరిగా ఉంటాయి, రెండు మడతలు వేస్తే ఇంకా మంచిది. కిటికీకి కుచ్చులు దండిగా పడేలా మందమైన పరదా కట్టించండి. బీరువా నిండా పుస్తకాలున్నా, ఒక మూల పరుపు చుట్టి నిలబెట్టినా పనికివస్తుంది. పలచటి పరదా వల్ల తగ్గేవి బాగా పైనున్న స్వరాలు మాత్రమే, బాస్ మీద దాని ప్రభావం ఉండదు.

ఇంకొక్క మాట. రాత్రి పూట తక్కువ శబ్దంతో వింటారా? శబ్దం తగ్గేకొద్దీ మన చెవి కింది స్వరాలను మిగతావాటికంటే ఎక్కువగా కోల్పోతుందని ఫ్లెచర్, మన్‌సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. కొన్ని ఆంప్లిఫయర్ల మీద లౌడ్‌నెస్ అనే బొత్తం ఉంటుంది చూడండి, అది ఇందుకోసమే. స్వచ్ఛమైన శబ్దం పేరుతో దాన్ని తాకకూడదనే పట్టుదల కొందరికి ఉంటుంది. నాకు అందులో అర్థం కనిపించదు.

జవాబు: నాలుగోఅంతస్తు

పెద్దలు సబ్ వూఫర్ ప్రస్తావనను పూర్తిగా పక్కన పెట్టారు కనుక దాని తరఫున ఒక మాట చెప్పాలనిపించింది. స్టీరియో స్పీకర్లు ఉండవలసిన చోటు వేరు, బాస్ బాగా పలికే చోటు వేరు. రెండింటినీ ఒకే పెట్టెతో సాధించాలనుకోవడం వల్లనే ఈ ఇబ్బంది. సబ్ వూఫర్ విడిగా ఉంటే 80 హెర్ట్జ్ కిందిది దానికి అప్పగించి, దాన్ని గదిలో ఎక్కడ అనుకూలమైతే అక్కడ పెట్టుకోవచ్చు. చోటు కనిపెట్టడానికి సులువైన పద్ధతి ఉంది. దాన్ని మీరు కూర్చునే చోటనే ఉంచి, బాస్ ఒకే తీరున నడిచే పాట పెట్టి, మీరు గోడల వెంట వంగి నడుస్తూ వినండి. ప్రతి స్వరమూ సమంగా వినిపించిన చోట దాన్ని తెచ్చి పెట్టండి.

జవాబు: గోడవార

పద్ధతి సరైనదే, కాదనను. కానీ నాలుగోఅంతస్తు గారూ, కుర్చీ శూన్యంలోనే ఉండిపోతే 47 హెర్ట్జ్ సబ్ వూఫర్ నుంచి వచ్చినా ఆ చోట వినిపించదు. పైగా అపార్టుమెంట్లలో ఆ కింది స్వరాలు శ్లాబు గుండా పై అంతస్తుకూ కింది అంతస్తుకూ చేరతాయి. ఇక 115 దగ్గర పడిన కోత 80 కి పైన ఉంది కాబట్టి ఎలాగూ అలాగే మిగులుతుంది. కుర్చీ, స్పీకర్లు కుదిరాక కూడా వెలితి అనిపిస్తే అప్పుడు కొనడం న్యాయం. ఆ లోపు తీగల మీద కూడా డబ్బు తగలేయవద్దు. ఇంటి వైరింగుకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 5 మీటర్లు వేసినా, రానూ పోనూ కలిపి నిరోధం సుమారు 0.12 ఓము మాత్రమే. 8 ఓముల స్పీకర్ ముందు అది లెక్కలోనిది కాదు.

మంద్రశ్రుతి

అందరికీ ధన్యవాదాలు. సెల్లుతో పరీక్షిస్తే రెండు వూఫర్లూ ముందుకే కదిలాయి, పాత పాటలో గొంతు కూడా సరిగ్గా మధ్యలోనే నిలిచింది; తీగల్లో లోపం లేదు. ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, ఇంతకుముందు తొప్పి వినిపించని కచేరీనే పెట్టాను. తని ఆవర్తనంలో (మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో) ఎడమచేతి గుంకీ కింది నుంచి ఎక్కి వచ్చి ఆగడం కుర్చీలోనే తెలిసింది. స్పీకర్లు వెనక్కి నెట్టాక గొంతుకు ఒళ్లు వచ్చింది. జంపఖానా పరిచిన తర్వాత వయొలిన్‌లో ఉన్న కీచుదనం తగ్గింది, మృదంగం కుడివైపు స్పష్టతకు మాత్రం భంగం లేదు.

ఒక్క ఇబ్బంది మిగిలింది. తంబురా శ్రుతి సాగుతున్నప్పుడు కొన్ని స్వరాల దగ్గర గుబగుబమంటోంది, మాటలు ఉన్న కార్యక్రమాల్లో వక్త డబ్బాలో కూర్చుని మాట్లాడుతున్నట్లుంది. నా స్పీకర్లకు వెనకవైపు గాలి రంధ్రం ఉంది, దానివల్లనా? ఫ్యాన్ గాలి కూడా ఇప్పుడు ఏటవాలుగా తగులుతోంది కానీ దానికి అలవాటు పడతాను.

జవాబు: గోడవార

రంధ్రం గోడకు దగ్గరపడడం వల్లనే కావచ్చు, గోడ కూడా బాస్‌ను పెంచుతుంది. మెత్తటి స్పాంజిని చుట్టి రెండు రంధ్రాల్లోనూ సగం వరకు దూర్చి చూడండి, లేదా శుభ్రమైన మేజోళ్లు కూడా పనిచేస్తాయి. దానివల్ల అట్టడుగు స్వరాలు కొద్దిగా తగ్గి, గుబగుబ అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. చాలకపోతే స్పీకర్లను రెండేసి అంగుళాల చొప్పున ముందుకు తెస్తూ, ప్రతిసారీ ఒకే వక్త మాటలు వినండి. సంగీతంతో పరీక్షిస్తే చెవి మోసపోతుంది, మనిషి మాట అసహజంగా ఉంటే వెంటనే పట్టుబడుతుంది. మాట డబ్బాలోంచి బయటికి వచ్చిన చోట ఆపి, స్టాండ్ల కాళ్ల దగ్గర టైల్స్ మీద సుద్దతో గుర్తు పెట్టుకోండి, ఇల్లు తుడిచేటప్పుడు జరుగుతుంటాయి.