మా ఊరి మహిళా సంఘం జొన్నతో మొదలుపెట్టవచ్చా?

పరకాల చెలక:
అందరికీ నమస్కారం. పరకాల వైపు మా ఊరి చెలకల్లో ఒకప్పుడు వానాకాలం పచ్చజొన్న, దాని సాళ్ల మధ్య కంది, పెసర ఉండేవి. ఇప్పుడు ఆ చెలకలన్నీ పత్తికి మారాయి. చెరువు కింద వరి ఉన్నందున బియ్యానికి కొదవ లేదు గానీ, రొట్టెకు, గట్కకు కావలసిన జొన్నలను ఒకనాడు వాటిని పండించిన ఇళ్లవాళ్లే కిరాణా దుకాణంలో కొంటున్నారు. మా పొదుపు సంఘాల మహిళలు కొందరు సహకార సంఘంగా ఏర్పడి, జొన్నలు, కొర్రలు పండించి హనుమకొండలో అమ్మాలనుకుంటున్నారు. సంఘాన్ని ఏ చట్టం కింద నమోదు చేయించాలి, ఏ పంటతో మొదలుపెట్టాలి, విత్తనాల గురించి పెద్దవాళ్లకు తెలిసినదాన్ని ఎలా నిలుపుకోవాలి అన్నవి మా సందేహాలు.

భీమదేవరపల్లి వాసి:
మీకు అందుబాటులోనే ముల్కనూర్ ఉన్నది, ముందు అక్కడికి వెళ్లి చూడండి. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి గారి చొరవతో 1956లో మొదలైన అక్కడి సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘంలో అప్పు, పెట్టుబడి సామగ్రి, పంట అమ్మకం ఒకే చోట ఉంటాయి. పంట సంఘం ద్వారానే అమ్ముడుపోతే బాకీ కూడా అక్కడే తీరుతుంది. అదే ఊళ్లో తర్వాతి కాలంలో మహిళలు సొంతంగా పాల సహకార సంఘాన్ని ప్రారంభించారు, ‘స్వకృషి’ పాలు వారివే. చట్టం సంగతికి వస్తే, 1964 నాటి సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘాలలో ఎన్నికైన పాలకవర్గాన్ని పక్కనబెట్టి ప్రభుత్వం తరఫున పర్సన్ ఇన్‌చార్జిలను కూర్చోబెట్టడం మనం చూసినదే కనుక, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మీకు మేలని నా అభిప్రాయం. దాని కింద ప్రభుత్వ వాటాధనం ఉండదు, ఎన్నికలు, లెక్కల తనిఖీ మీరే జరిపించుకోవాలి. లెక్కలు రాయగలవాళ్లు మీలో లేకపోతే మాత్రం ఆ స్వేచ్ఛే మెడకు చుట్టుకుంటుంది.

మంచె మీది మనిషి:
చట్టం కన్నా ముందు పంట గురించి ఆలోచించండి. కొర్రలకు, సామలకు గట్టి పొట్టు ఉంటుంది, దాన్ని తీసే మర లేకపోతే ఆ దంపుడు మళ్లీ ఆడవాళ్ల భుజాల మీదనే పడుతుంది. ఒకప్పుడు వాటిని మానుకోవడానికి ఆ చాకిరీ కూడా ఒక కారణమన్న సంగతిని చిరుధాన్యాల గొప్పతనం చెప్పేవారు ఎందుకో దాటవేస్తారు. జొన్నకు ఆ బాధ లేదు, గింజను నేరుగా పిండి పట్టించవచ్చు. దానికి శత్రువు పిట్టలు. చుట్టూ పత్తి ఉండి మధ్యలో ఒక్కరే రెండెకరాలు జొన్న వేస్తే, పాలకంకి నాటికి చుట్టుపక్కల పిట్టలన్నీ అక్కడే వాలుతాయి, వడిసెల పట్టుకొని ఎవరు ఎన్నాళ్లు మంచె ఎక్కి కూర్చుంటారు? పది మంది పక్కపక్క చెలకల్లో ఒకే వారంలో విత్తితే నష్టం అందరికీ పంచుకుపోతుంది, కాపలాకు వంతులు వేసుకోవచ్చు. మీ సంఘం చేయవలసిన మొదటి తీర్మానం ఇదే.

విత్తనాల గుమ్మి:
పై మాటతో ఏకీభవిస్తూ విత్తనం గురించి రాస్తున్నాను. పాత పచ్చజొన్న రకాలు పొద్దు తగ్గే కాలానికి కంకి వేస్తాయి కనుక గింజ పాలుపోసుకునే నాటికి వానలు తగ్గిపోతాయి. తొందరగా కోతకొచ్చే హైబ్రిడ్లకు వాన తగిలితే గింజ బూజు పట్టి నల్లబడుతుంది. అందుకని దుకాణపు విత్తనంతో మొదలుపెట్టకుండా, ఊళ్లో ఎవరి ఇంట్లోనైనా పాత విత్తనం మిగిలి ఉన్నదేమో వెతకండి. జొన్నలో పరపరాగ సంపర్కం కొంత జరుగుతుంది, విత్తనపు చెలక హైబ్రిడ్ చెలకకు దూరంగా ఉండాలి. కంకులను నిలబడిన పైరులోనే ఎంచడం, బూడిద, వేపాకు కలిపి దాచడం, కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం పెద్దమ్మలకు తెలిసిన పనులు. వాటిని రాసి భద్రపరచడం మంచిదే గానీ, ఆ పనికి వారికి సంఘమే కూలి ఇచ్చి, పడుచువాళ్లను పక్కన ఉంచితేనే అది చేతికి అలవడుతుంది. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషమే. అయినా పేరుకు రక్షణ దొరికినంత మాత్రాన విత్తనం దానంతటదే నిలవదు, ఏటేటా దాచే రైతు ఉండాలి.

పరకాల చెలక:
అందరికీ ధన్యవాదాలు. కొర్రలను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాము. గింజ దిగుబడి పత్తి రాబడితో పోటీ పడదని మా వాళ్లు వెనుకాడుతున్నారు, వారికి ఏమి చెప్పాలి?

భీమదేవరపల్లి వాసి:
పోటీ పడదు, అలా నమ్మించవద్దు. అయితే సొప్పను లెక్కలోకి తీసుకోండి. బర్రెలున్న ఇంటికి జొన్నసొప్ప ఎండాకాలపు మేత, వరిగడ్డి కన్నా పశువులు దాన్ని ఇష్టంగా తింటాయి. పాలు పోసే సభ్యులకు ముందుగా ఒక చెలకలో సగం వేయమని చెప్పండి. సభ్యుల ఇళ్లకు ఏడాదికి ఎన్ని జొన్నలు కావాలో విత్తడానికి ముందే రాసుకొని, అంతవరకు ధర ఖాయం చేసుకోండి. హనుమకొండ అమ్మకం మిగిలిన గింజల సంగతి.