సైనిక్ స్కూల్ పరీక్షకి నాలుగు నెలలే ఉంది. పిల్లోన్ని కోచింగ్ హాస్టల్లో వెయ్యాల్నా, ఇంట్లోనే చదివించాల్నా?

జమ్మలమడుగు కండక్టర్:

అందరికీ నమస్తే. నాది జమ్మలమడుగు, ఆర్టీసీలో కండక్టరుగా చేస్తాండా. మా వాడు ఐదో తరగతి, ఊర్లోనే గవర్నమెంటు బడి. పోయిన నెల వాళ్ళ సారు నన్ను బస్టాండులో పట్టుకోని, "మీవాడు లెక్కల్లో చురుగ్గా ఉండాడు, కలికిరి సైనిక్ స్కూల్లో ఆరో తరగతికి పరీక్ష రాయించు" అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లో ఇదే గొడవ.

మా బామ్మర్ది ఒక కోచింగ్ సెంటరు చూపించినాడు. నాలుగు నెలలు వాళ్ళ హాస్టల్లోనే పెట్టుకుంటారంట, అన్నీ కలిపి 70 వేలు. పొద్దున ఐదుకి లేపి రాత్రి పది దాకా చదివిస్తారంట. నేను పోయి చూసొచ్చినా. ఒక రూములో పన్నెండు మంచాలు. పిల్లలందరూ ఒకేలా గుండు కొట్టించుకోనుండారు. అది చూస్తే నాకేమో మనసొప్పలా, బామ్మర్దేమో "సైనిక్ స్కూలంటే అంతే బావా, ఇప్పుడే అలవాటు కావాల" అంటాడు. మా ఆడమనిషి ఆ మాట ఎత్తితేనే అన్నం గిన్నె ఠక్కున పెట్టి లోపలికి పోతాంది.

మావాడి సంగతి చెప్తా. ఎక్కాలు పద్దెనిమిది దాకా వచ్చు. నేను ఇంట్లో డబ్బు లెక్కేస్తాంటే వాడే నోట్లు విడదీసి మొత్తం చెప్తాడు. కానీ దశాంశాలు, భిన్నాలు వస్తే నిలబడిపోతాడు. ఇంగ్లీషు చదువుతాడు గానీ అర్థం చేసుకోడు. బడి పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటాది గదా, వాడు తెలుగు పక్కే చూస్తాడు. ఫారంలో ఏ భాష పెట్టాల? నాకు ఒకరోజు డ్యూటీ ఉంటే ఒకరోజు ఇంట్లో ఉంటా. మా ఆడమనిషి పదో తరగతి పాసైంది. ఇంట్లో కూచోబెట్టి చదివిస్తే ఈ పరీక్ష అయ్యే పనేనా? రాయించినోళ్ళు ఉంటే చెప్పండప్పా.

ప్రొద్దుటూరు నాన్న:

అన్నా, మావాడు పోయినేడు సీటు కొట్టినాడు, పదకొండు నెలలు కోచింగ్‌లో ఉన్నాడు. కోచింగ్ లేకుండా కష్టమనే నేను చెప్తా. అక్కడ చెప్పే చదువు వల్ల కాదు, వారానికి రెండు మాక్ టెస్టులు పెట్టి ర్యాంకు గోడ మీద అతికిస్తారు. ఆ పోటీ ఇంట్లో రాదు. అయితే నాలుగు నెలల కోర్సు అన్నది వాళ్ళకి డబ్బులకే. సిలబస్ సగంలోనే వదిలేస్తారు. వేస్తే ఏడాది వెయ్యాల, లేకుంటే వద్దు.

కుట్టుమిషన్ అమ్మ, కడప:

అన్నా, మీ పోస్టు రాత్రి చదివినా. అర్జెంటు జాకెట్లు మూడు పక్కన పెట్టి రాస్తాండా, కాబట్టి పొడుగైతే తిట్టుకోవద్దు.

మా పాప రెండుసార్లు రాసింది. ఆడపిల్లల్ని ఆరో తరగతికి తీసుకోవడం 2021 నుంచే గదా, మా బంధువుల్లో ఎవరికీ ఏమీ తెలీదు, అడిగే దిక్కు లేదు. మొదటిసారి మేమూ మీరన్నట్టే హాస్టలుండే కోచింగ్‌లోనే వేసినాం. ఏ ఊరో, ఎవరో చెప్పను. నలభై రోజులుంది. పదేళ్ళ పిల్ల, జడ వేసుకోను కూడా రాదు, వారానికోసారి ఎవరో అక్క వేసేదంట. ఆదివారం ఫోన్లో "బాగుండా" అనేది. ఆ ఒక్క మాటే. నేను పోయి చూస్తే చేతివేళ్ళ సందుల్లో గజ్జి, దుప్పటి తడుపుకుంటాందని వార్డెను అందరి ముందరా అన్నాదంట. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోని తెచ్చేసినా. కట్టిన డబ్బు తిరిగి రాలా, అడగను కూడా అడగలా.

మా ఆయనేమో "ఇంక రాయించొద్దు" అన్నాడు. పాపే "నేను రాస్తా" అనింది. నేను ఇంట్లో చెప్పడం మొదలుపెట్టింది అప్పుడు. నేను ఇంటర్ ఫెయిల్, అదే నా అర్హత.

ఈ పరీక్షలో ఏముందో ముందు ఒక కాగితం మీద రాసుకోండన్నా. ఆరో తరగతి పేపరు 300 మార్కులు, 125 ప్రశ్నలు, 150 నిమిషాలు. లెక్కలు 50 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, అంటే 150. మిగిలిన మూడూ, భాష, తెలివి ప్రశ్నలు, జీకే, 25 ప్రశ్నల చొప్పున, 2 మార్కుల చొప్పున 50, 50, 50. అంటే సగం పరీక్ష ఒక్క లెక్కలే. మా కోచింగ్‌లో పాప నలభై రోజులు ఎక్కువ బట్టీ పట్టింది దేశాలు, రాజధానులు! తెచ్చేసిన రోజు నేను అడిగినా: రెండు మీటర్ల గుడ్డలో ముప్పావు మీటరు కత్తిరిస్తే ఎంత మిగులుతాది అని. "ఒకటీ ముప్పావు" అనింది. రెండులోంచి ఒకటి తీసేసి ముప్పావుని అట్లే పెట్టింది.

ఆ రోజునుంచి నా కుట్టుమిషన్ బల్ల మీదే చదువు. టేపు పట్టించినా. పావు, అర, ముప్పావు కొలిచి చూపించమన్నా. అంగుళాల పక్క చూపించి సెంటీమీటర్లు ఎన్నో చెప్పమన్నా. చుట్టుకొలత, వైశాల్యం అంటే కాగితం మీద రాదు గానీ, లంగా అంచుకి లేసు ఎంత కావాల, లంగాకి గుడ్డ ఎంత కావాల అంటే వస్తాది. ఒకటి చుట్టూ పోతాది, ఇంకొకటి పరుచుకుంటాది. ఈ తేడా పట్టుకున్నాక మళ్ళీ తప్పు పోలా.

అన్నా, మీ ఇంట్లో నాకంటే మంచి బడి ఉంది. పెద్దవాళ్ళకి టికెట్లో 25 శాతం రాయితీ గదా? 40 రూపాయల టికెట్టుకి తాత ఎంతివ్వాల, వంద నోటిస్తే చిల్లర ఎంత, అని అడగండి. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకి బస్సెంతసేపు, కిలోమీటర్లెన్ని, గంటకి ఎంత వేగం, అడగండి. ఇప్పుడు ఆడోళ్ళకి జీరో టికెట్టు కాబట్టి ఆ లెక్క మాత్రం ఇయ్యొద్దులెండి.

ఇంగొక సంగతి మేము ఆలస్యంగా తెలుసుకున్నది. పాప తప్పు చేసిన ప్రతి లెక్క పక్కనా ఎందుకు తప్పైందో దాన్నే రాయమన్నా. "రాదు", "వచ్చు కానీ తప్పు చేసినా", "ప్రశ్న సరిగ్గా చదవలా". నెల తర్వాత లెక్కపెడితే మూడోదే ఎక్కువ! "ఎంత ఖర్చయింది" అంటే మిగిలింది రాసేది. దానికి ఇంకా లెక్కలు చేయించి లాభం లేదు గదా. ప్రశ్నలో చివరి మాట కింద గీత గీసి అప్పుడు చెయ్యి అన్నా. మొదట్లో విసుక్కునింది. తర్వాత అదే దానికి అలవాటైపోయింది.

టైము గురించి. మా తిరుపతి సెంటర్లో ఆరో తరగతి పేపరు మధ్యాహ్నం 2 నుంచి 4:30 దాకా. అది చిన్న విషయం కాదన్నా. మన పిల్లలు మధ్యాహ్నం సంగటి తిని ఆ టైముకి కునుకు తీస్తారు. నేను ప్రతి ఆదివారం సరిగ్గా రెండింటికి పేపరు పెట్టేదాన్ని. మొదటి ఆదివారం మూడున్నరకి బల్ల మీదే నిద్రపోయింది. పరీక్ష రోజు పెరుగన్నం రవ్వంత తినిపించినా, అంతే.

మొదటేడు రాలా. వయసు ప్రవేశమిచ్చే ఏడాది మార్చి 31కి 10 నుంచి 12 మధ్య ఉంటే చాలు, అందుకని రెండోసారి రాసింది. అప్పుడు వచ్చింది. అంటే ఆరో తరగతి ఇక్కడ ఒకసారి, అక్కడ ఒకసారి చదవాల్సి వచ్చింది. ఒక ఏడాది పోయిందని మా అత్త ఇప్పటికీ అంటాది.

కడపటిగా మీ హాస్టల్ ప్రశ్నకి. అన్నా, సీటొస్తే ఆరు నుంచి పన్నెండు దాకా ఏడేళ్ళు ఎట్లాగూ హాస్టలే. పండగలకి, సెలవులకే ఇంటికొస్తాడు. ఈ నాలుగు నెలలన్నా ఇంట్లో ఉండనీండి. నేను నా పాప దగ్గర్నుంచి లాక్కున్న ఆ నలభై రోజులు తిరిగి ఇవ్వలేను.

లెక్కల మాస్టారు, గుత్తి:

కండక్టర్ గారూ, పైన అమ్మ చెప్పింది అక్షరాలా ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. "జీకే వదిలెయ్" అన్నట్టు ధ్వనించింది, అట్లా వదిలెయ్యడానికి లేదు. ఒక్కో విభాగంలో కనీసం 25 శాతం, మొత్తం మీద 40 శాతం, అంటే 300కి 120 రావాలి. లెక్కల్లో 141 తెచ్చుకుని జీకేలో నాలుగు ప్రశ్నలు మాత్రమే ఒప్పైతే అర్హతే ఉండదు. అయితే ఈ 40 శాతం చూసి మోసపోవద్దు, అది గేటు దాటడానికి మాత్రమే. సీటు మెరిట్‌ని బట్టి వస్తుంది, దానికి చాలా ఎక్కువ కావాలి.

భాష సంగతి. ఆరో తరగతి పేపరు తెలుగులో కూడా రాయొచ్చు. మీవాడికి తెలుగే పెట్టండి. పరాయి భాషలో లెక్క అర్థం చేసుకునే లోపల టైము అయిపోతుంది. భాష విభాగం కూడా అప్పుడు తెలుగే వస్తుంది కాబట్టి సంధులు, సమాసాలు, పర్యాయపదాలు, వ్యతిరేకపదాలు, గద్యభాగం చదివి జవాబు చెప్పడం చూపించండి. స్కూల్లో చదువు మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. అందుకని రోజూ రాత్రి పాఠ్యపుస్తకంలో ఆ ఇంగ్లీషు పక్క పేజీ ఒకటి పైకి చదివించండి, పరీక్ష కోసం కాదు, జూన్‌లో భయపడకుండా.

సమయం: 150 నిమిషాల్లో 125 ప్రశ్నలంటే ఒక్కోదానికి 72 సెకన్లు. మా పిల్లలకి నేను చెప్పే వరుస ఏమంటే, భాష, తెలివి, జీకే మొత్తం 55 నిమిషాల్లో ముగించి మిగిలిన 95 నిమిషాలు లెక్కలకి ఉంచడం. నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఆఖరి ఐదు నిమిషాల్లో ఖాళీ గడి ఒక్కటి కూడా మిగలకూడదు. ఓఎంఆర్ షీటు, అంటే జవాబుల గడులు నింపే కాగితం, నలభై జిరాక్సులు తీసి ఇంట్లో పెట్టుకోండి. మా బడిలో పిల్లలు ఒక ప్రశ్న వదిలి, జవాబులు మాత్రం వరుసగా నింపి, మొత్తం ఒక గడి జరిపేసిన సందర్భాలు చూశాను. ప్రతి పదో ప్రశ్న దగ్గర నంబరు సరిచూసుకోమనండి.

లెక్కల్లో రోజూ చెయ్యాల్సినవి క.సా.గు, గ.సా.భా, భిన్నాలను ఆరోహణ క్రమంలో పెట్టడం, సగటు, శాతాలు, లాభనష్టాలు, బారువడ్డీ, కాలం-దూరం. ఇంకా రోమన్ అంకెలు, ఫారన్‌హీట్ నుంచి సెల్సియస్‌కి మార్చడం, పూరక-సంపూరక కోణాలు. ఈ చివరి మూడూ ఐదో తరగతిలో మనం పెద్దగా చెప్పం, అందుకని పిల్లలు అక్కడ ఆగిపోతారు.

బీసీ అయితే కులధ్రువీకరణ పత్రం గురించి ముందే సచివాలయంలో అడగండి. రాష్ట్ర పత్రం సరిపోదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం, అంటే మీరు సంపన్న శ్రేణి కిందికి రారని చెప్పేది, కావాలి. చివరి వారంలో తిరిగేవాళ్ళని ప్రతి ఏడాదీ చూస్తున్నా.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. కోచింగ్‌కి డబ్బు కట్టక ముందే కంటి డాక్టరుకి చూపించండి. రాతపరీక్ష పాసయ్యాక మెడికల్ ఉంటుంది. మా అక్క కొడుకు అన్నీ దాటి అక్కడ చుక్కల్లో అంకె కనిపెట్టే పుస్తకం దగ్గర ఆగిపోయాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలీదని పదకొండేళ్ళ దాకా ఎవరికీ తెలీదు. వాడు ఏ టమాటా పండిందో నొక్కి చూసి చెప్పేవాడట, మా అక్క అది తెలివి అనుకుంది.

జమ్మలమడుగు కండక్టర్:

సార్, అక్కా, ప్రొద్దుటూరు అన్నా, అందరికీ దండాలు. పోస్టు మా ఆడమనిషికి చదివి వినిపించినా. కుట్టుమిషన్ అక్క రాసిన జడ మాట దగ్గర లేచి లోపలికి పోయింది. ఈసారి గిన్నె మాత్రం మెల్లగానే పెట్టింది.

నిన్న నా సెలవు. వాన్ని ప్రొద్దుటూరు తీసకపోయి కళ్ళు చూపించినా. చుక్కల పుస్తకంలో అంకెలన్నీ గబగబా చదివినాడు, డాక్టరమ్మ నవ్వింది. వచ్చేటప్పుడు బస్సులో, నా సర్వీసు కాదు లెండి, 25 శాతం లెక్క అడిగినా. చెప్పినాడు. పక్క సీట్లో పెద్దాయన "నాకు చెప్పురా, నేనెంతియ్యాల" అని మొత్తం దారి వాడితోనే లెక్కలు చేయించుకున్నాడు.

ఇంటికొచ్చి మాస్టారు చెప్పినట్టు భిన్నాలు ఇరవై ఇచ్చినా, తొమ్మిదే వచ్చినాయి. పక్కన కారణాలు రాయమన్నా. "రాదు" నాలుగు, "చదవలా" ఆరు, ఒకదానికి "నాయన మాట్లాడిచ్చినాడు" అని రాసినాడు!

బామ్మర్దికి ఈ సంగతి ఇంకా చెప్పలా. ఒక్క డౌటు: నవోదయకి కూడా రాయించమంటాండారు, దానికి ఇదే చదువు సరిపోతాదా?

లెక్కల మాస్టారు, గుత్తి:

నవోదయ పేపరు వేరు. 80 ప్రశ్నలు, 2 గంటలు. అందులో 40 మేధాశక్తి బొమ్మల ప్రశ్నలు, 20 లెక్కలు, 20 భాష. జీకే లేదు. లెక్కలు, భాష ఇదే చదువుతో నడుస్తాయి, బొమ్మలు మాత్రం విడిగా రోజూ పది చేయించాలి. అది ఐదో తరగతిలో ఒక్కసారే, మీ జిల్లాలోనే రాయాలి, రెండో అవకాశం లేదు. దరఖాస్తు గడువు ముందే ముగుస్తుంది, ఇప్పుడే చూసుకోండి.

కుట్టుమిషన్ అమ్మ, కడప:

అన్నా, "నాయన మాట్లాడిచ్చినాడు" అన్నది దాచిపెట్టండి ఆ కాగితం. ఆదివారం రెండింటికి మొదటి పేపరు పెట్టండి.

జమ్మలమడుగు కండక్టర్:

ఆదివారం నాకు డ్యూటీ అక్కా. డిపోలో ఇంగొకరితో మార్చుకుంటా. ఆయనకి నేను సంక్రాంతికి చేస్తానని ఒప్పుకున్నా.