వీధి సువార్తకు సంఘ సభ్యులను ఒత్తిడి చేసి పంపవచ్చా?

తెనాలి సంఘ సభ్యుడు (ప్రశ్న)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు సుమారు 200 మంది వస్తారు. రెండవ శనివారం సాయంత్రం బస్టాండు దగ్గర కరపత్రాలు పంచుతూ క్రీస్తు గురించి చెప్పే వీధి సువార్తకు మాత్రం కాపరి (పాస్టరు) గారి కుటుంబంతో కలిపి తొమ్మిది మందికి మించి రావడం లేదు. గత నెల ఆశీర్వాదానికి ముందు, పేరు ఇచ్చి కూడా రానివారి జాబితాను మైకులో చదివించారు. మూడవ వరుసలో ఉన్న ఒక పెద్దావిడ తన పేరు వినగానే కొంగు తలమీదికి లాక్కొని, కూటం ముగిసేదాకా తల ఎత్తలేదు. తరువాతి ఆదివారం ఆమె రాలేదు. గట్టిగా అడగకపోతే ఎవరూ కదలరని కమిటీలో సగం మంది అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అయితే వేరే ఉపాయమూ తోచడం లేదు. మీ సంఘాల్లో ఏం చేస్తున్నారు?

గుంటూరు సువార్తికుడు

పేర్లు మైకులో చదవడం తప్పే, దానిని నేను సమర్థించను. కానీ గట్టిగా అడగడమే తప్పంటే ఒప్పుకోను. వెళ్ళి శిష్యులను చేయమన్న ఆజ్ఞలో వీలును బట్టి అనే మాట లేదు. మేనకోడలి ఓణీల వేడుకకు రెండు రోజులు సెలవు పెట్టగలిగిన మనం నెలకు రెండు గంటలు ఇవ్వలేమా? నన్ను మొదటిసారి నరసరావుపేట సంతలో మా గురువుగారు దాదాపు బలవంతంగానే నిలబెట్టారు. చేతులు వణికి, కరపత్రాల కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తీయలేకపోయాను. ఆ రోజు ఆయన జాలిపడి వదిలేసి ఉంటే నేను ఈ సేవలో ఉండేవాడిని కాను.

పేరు చెప్పదలచని ఉద్యోగి

అన్నగారూ, రానివారందరూ బద్ధకస్తులే అనుకోవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా ఉంటుంది. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషను ఒక్క శాతమే. మతం మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరలేడని 2025లో మన హైకోర్టు కూడా చెప్పింది. ఇంట్లో ఒకరి ఉద్యోగం, పిల్లల ఫీజులు ఎస్సీ ధ్రువపత్రం మీదే ఆధారపడి ఉన్న కుటుంబాలు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. ఇది నిజాయితీయేనా అని అడిగే హక్కు మీకుంది, ఆ ప్రశ్న నన్ను రాత్రుళ్ళు అడుగుతూనే ఉంటుంది. అయినా బస్టాండులో కరపత్రాలతో నిలబడితే ఎవరో ఒకరు ఫోనులో వీడియో తీస్తారు. అందుకే కాపరి గారు చేతులెత్తమన్నప్పుడు నేను పాటల పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను.

గుంటూరు సువార్తికుడు

తమ్ముడూ, మీ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మిమ్మల్ని ఉద్దేశించి నేను అలా అనలేదు.

ఒంగోలు విశ్రాంత ఉపాధ్యాయుడు

మా ఊరి చరిత్ర ఇక్కడ పనికి వస్తుందని రాస్తున్నాను. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందారు. ఆయన తోళ్ళ వ్యాపారి. ఎవరూ పంపకుండానే తన బంధువుల మధ్య తిరిగి, తనకు తెలిసింది చెప్పుకొచ్చారు. ఆ తరువాత మా ఒంగోలులోని మిషనరీ జాన్ క్లౌ ఆ పల్లెలకు వెళ్ళేసరికి వినడానికి సిద్ధంగా ఉన్న జనం కనిపించారు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి, పనివారు సేదదీరే వేళ వారితో మాట్లాడేవారు. అయితే గింజల కోసం చేరుతున్నారన్న మాట రాకుండా ఆ సాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు నిలిపివేశారు. సాయం ముగిసిన తరువాత, 1878 జులై 3న వెలుంపల్లి వద్ద ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మన ప్రసంగాల్లో తరచుగా వింటాం గానీ, దాని ముందున్న ఆ నిలుపుదల గురించి ఎవరూ చెప్పరు.

చట్టం సంగతి కూడా సభ్యులకు ముందే చెప్పాలి. రాజ్యాంగం 25వ అధికరణ మత ప్రచారానికి హక్కు ఇస్తుంది. మరొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. తిరుమల వంటి క్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో మన రాష్ట్రం చట్టం చేసింది. ఇవేవీ చెప్పకుండా కుర్రవాళ్ళ చేతికి మైకు ఇచ్చి పంపడం కాపరి బాధ్యతారాహిత్యం. బైబిలులో యుద్ధానికి బయలుదేరిన గిద్యోను దగ్గర 32,000 మంది ఉంటే, భయపడేవారు వెళ్ళవచ్చని చెప్పగానే 22,000 మంది తిరిగి వెళ్ళారు. వారి పేర్లను ఎవరూ చదవలేదు.

విజయవాడ నర్సు

మా స్త్రీల సమాజం మే నెలలో మందిరం గేటు ముందు చలివేంద్రం పెడుతుంది. కరపత్రం పట్టుకోమంటే మొహమాటపడే అక్కలు మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేయడానికి పొద్దున్నే వస్తారు. నాకు రాత్రి డ్యూటీ ఉంటుంది కాబట్టి ఉదయం రెండు గంటలే నిలబడతాను. ఎవరు ఏం చేయగలరో ఒక్కొక్కరినీ ఇంటికి వెళ్ళి అడిగాం.

గుంటూరు సువార్తికుడు

అమ్మా, మజ్జిగ ఎవరైనా పోస్తారు. ప్రభువు పేరు చెప్పకుండా గ్లాసు చేతికిచ్చి పంపేస్తే దానిని సువార్త అని ఎలా అంటాం?

విజయవాడ నర్సు

ఎందుకు పోస్తున్నారని అడిగినవారికి చెబుతాం అన్నగారూ, అడగనివారికి రెండో గ్లాసు పోస్తాం. గ్లాసుతో పాటు కరపత్రం అంటగడితే ఒంగోలు మాస్టారు చెప్పిన గింజల మాటే మా మీదికి వస్తుంది.

తెనాలి సంఘ సభ్యుడు

నర్సమ్మ గారు రాసింది చదివి నిన్న ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. ఆమెకు చదవడం రాదట. కరపత్రం తీసుకున్నవారు ఇందులో ఏముందమ్మా అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, పేరు ఇచ్చి కూడా రాలేకపోయారట. ఇన్నేళ్ళుగా ఒకే మందిరంలో ఉంటూ ఆ సంగతి మా కమిటీలో ఒక్కరికీ తెలియదు. గురువారం కమిటీ కూర్చుంటుంది. జాబితా చదవడం ఆపాలని అడుగుతాను. శనివారం తొమ్మిది మందిమే వెళతామేమో.