గిరినాగులో ‘గిరి’ ఏ గిరి?

మాడుగుల కొండల వైపు కింగ్ కోబ్రాను గిరినాగు అంటారు కదా. గిరి అంటే కొండ అనుకుంటూ వచ్చాను. మా బాబాయి మాత్రం దాని ఒంటి మీద అడ్డంగా ఉండే లేత పట్టీలు చూపించి, ఇది ‘గిరి గీయడం’లోని గిరేనని పట్టుబట్టాడు. ఏమంటారు?

— బాబాయి గారి ఊహ ముచ్చటగా ఉంది గానీ నిలవదండీ. ఆ గిరి నేల మీద గీసే హద్దు. పాము ఒంటి మీది పట్టీలను కట్లు అంటాం, కట్లపాముకు ఆ పేరు అలా వచ్చిందే. వాటిని చూసి పిలిచి ఉంటే ఇది ‘కట్లనాగు’ అయ్యేది. ఇక గిరి తత్సమం (మార్పు లేని సంస్కృత పదం), నాగు తద్భవం (సంస్కృతం నుంచి మారి వచ్చింది) కాబట్టి ఇది మిశ్ర సమాసం. రాచనాగులో రెండూ తద్భవాలే, వ్యాకరణం లెక్కన అది తత్సమం కలవని ఆచ్ఛిక సమాసం. అయినా నా చెవికి రాచనాగే కింగ్ కోబ్రాకు అనువాదంలా వినిపిస్తుంది.

— మరి కొండచిలువ? మైదానాల్లోనూ ఉంటుందే. అక్కడ కొండ అంటే ‘కొండంత’ అనుకుంటాను. కింగ్ కోబ్రా కూడా 18 అడుగుల దాకా పెరుగుతుంది. గిరినాగు అంటే భారీ నాగు ఎందుకు కాకూడదు?

— కొండంత అంటాం, ‘గిరంత’ అనం కదండీ! నా బాధ వేరే. గిరినాగును నల్లత్రాచు అని కూడా రాసేస్తున్నారు. త్రాచు పడగ మీద కృష్ణపాదాలుంటాయి. దీని పడగ సన్నం, పాదాలుండవు. తల వెనక భాగాన పక్కపక్కనే రెండు పెద్ద పొలుసులుంటాయి, త్రాచుకు అవి లేవు. శాస్త్రనామంలోని ‘ఓఫియోఫేగస్’కు అర్థం పాములను తినేది. జెర్రిపోతులనూ త్రాచులనూ కూడా మింగుతుంది. ఆడది ఎండుటాకులు పోగేసి గూడు కట్టి గుడ్లు పెడుతుంది. అడవులు తరిగిపోయి, కనబడితే కొట్టి చంపేసి, చివరికి 2010లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న జాతుల్లో చేరింది. కనీసం పేరైనా సరిగ్గా రాద్దాం.

— పేర్ల మాట వచ్చింది కాబట్టి: 2024లో దీన్ని నాలుగు జాతులుగా విడదీశారు. పడమటి కనుమల పాముకు కన్నడిగులు పిలిచే ‘కాళింగ’ అన్న పేరే శాస్త్రనామంలోకి ఎక్కింది. మన తూర్పు కనుమలది పాత శాస్త్రనామం ‘ఓఫియోఫేగస్ హన్నా’ కిందే ఉండిపోయింది. కాళింగ, కళింగ అన్న మాటలకు చుట్టరికం లేకపోవచ్చు గానీ, కళింగ దేశపు పాముకు కాళింగ దక్కలేదు చూడండి!

— ఇదంతా బాబాయికి చదివి వినిపించాను. “అయితే కట్లనాగు అనే రాయమను” అంటున్నాడు.